గింజ నుంచి గంజి దాకా

మూడు నెలలు పొద్దున్నా సాయంత్రమూ ఓట్స్ తిన్నాను. పూటకి నలభై గ్రాములు, తూకం వేసి మరీ. ప్రయాణాల్లో కూడా సంచిలో ప్యాకెట్లు పడేసుకుని వెళ్లాను. చక్కెర కలిపిన రకం కాదు, సాదా ఇన్‌స్టంట్ ఓట్స్. మూడు నెలలయ్యాక రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకుంటే హెచ్‌బీఏవన్‌సీ (గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటుని చెప్పే అంకె) 6.1 ఉన్నది 6.1 దగ్గరే కూర్చుంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు కదా, ఆ గడిలో దాదాపు నడిమధ్య. చెడు కొలెస్ట్రాల్ మాత్రం 142 నుంచి 133కి దిగింది. సంతోషించాలో, ఏడవాలో తెలియని రిపోర్టు.

ఆ వారమే మా అక్క వచ్చింది. పొద్దున్నే నా గిన్నెలోకి తొంగి చూసి, చెంచాతో తిప్పి, పైకెత్తి వంచింది. నిదానంగా, తీగలా కిందికి జారింది.

"ఇందులో గింజేదిరా?" అంది.

"ఓట్సే అక్కా. హోల్ గ్రెయిన్. ప్యాకెట్ చూడు."

కళ్లజోడు లేక ప్యాకెట్‌ని చేతులు చాచినంత దూరం పట్టుకుని చదివింది. "అక్షరాలు గట్టిగానే ఉన్నాయి. గింజే మెత్తగా ఉంది. గంజి తాగుతూ గింజ తింటున్నాననుకుంటున్నావా?"

అప్పుడు నవ్వేశాను గానీ ఆ మాట రెండు వారాలు నన్ను వదల్లేదు. గింజకీ గంజికీ మధ్య తేడా ఎక్కడ మొదలవుతుంది? ప్యాకెట్ అబద్ధమేమీ చెప్పలేదు. మరి అక్క మాటా అబద్ధం కాదే! రెండూ నిజమైతే, మనం వాడుతున్న మాటలోనే ఏదో లోపం ఉండాలి. చదవగలిగినంత చదివాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: ఓట్స్ అయినా ఇంకే ధాన్యమైనా, దాని పేరు కంటే, ‘హోల్’, అంటే పూర్తి గింజ, అన్న ముద్ర కంటే, మన నోటికి చేరేలోపు అది ఎంత నలిగింది, ఎంత ఉడికింది అన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. కనీసం చక్కెర విషయంలో. ఈ ‘కనీసం’ ఎందుకు చేర్చానో కింద చెబుతాను.

ఏం తీశారు, ఎంత నలిపారు

ధాన్యం గురించి మనకున్న భయం చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దీంట్లోంచి ఏం తీసేశారు? ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. 1890లలో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్ డాక్టరు బెరిబెరి అనే, నరాలు దెబ్బతిని కాళ్లు చచ్చుబడే జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. ఆయన కోళ్లకి అలాంటి జబ్బే వచ్చి కాళ్లు పడిపోయాయి, తర్వాత వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీస్తే కారణం వంటగదిలో దొరికింది. కొన్నాళ్లపాటు వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు ‘సైన్యం బియ్యం మామూలు కోళ్లకి పెట్టేదేంటి’ అని ఆపేశాడు. ముతక బియ్యం తినగానే కోళ్లు లేచి తిరిగాయి. ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ వచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది వంటవాడే. పిసినారితనంతో సైన్సుకి అంత మేలు చేసినవాడు ఇంకొకడు ఉంటాడా!

ఐక్‌మన్ మొదట పొరబడ్డాడు కూడా. లోపలి పిండిలో ఏదో విషం ఉందనీ, తవుడులో దానికి విరుగుడు ఉందనీ అనుకున్నాడు. ఆయన తర్వాత ఆ పని అందుకున్న గెరిట్ గ్రైన్స్ 1901లో అసలు సంగతి పట్టుకున్నాడు: విషం లేదు, విరుగుడూ లేదు, ఉండాల్సినదేదో లేకుండా పోయింది. అది బీవన్ విటమిన్ అని తర్వాత తేలింది.

అప్పటినుంచి మన ఆలోచన ఆ దారిలోనే స్థిరపడింది. తీసేస్తే చెడ్డ, ఉంచితే మంచి. ‘హోల్ గ్రెయిన్’ నిర్వచనం కూడా అలాగే తయారైంది. అమెరికాలోని ధాన్య రసాయన శాస్త్రవేత్తల సంఘం 1999లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం గింజ మొత్తంగా ఉండొచ్చు, విరిగి ఉండొచ్చు, రేకుగా ఉండొచ్చు, పిండిగా కూడా ఉండొచ్చు. తవుడు, అంకురం, లోపలి పిండి, ఈ మూడూ అసలు గింజలో ఉన్న పాళ్లలోనే ఉంటే చాలు. గోధుమ అయితే లోపలి పిండి దాదాపు 83 శాతం, తవుడు 14, అంకురం ఓ రెండు మూడు శాతం. చాలా పెద్ద మిల్లుల్లో ఈ మూడింటినీ విడదీసి, విడివిడిగా మర పట్టి, చివర్లో మళ్లీ అదే లెక్కకి కలుపుతారు. కాయితం మీద అది పూర్తి గింజే.

ఇల్లు కూలగొట్టి, ఇటుకలన్నీ ఒక్కటి కూడా తగ్గకుండా కుప్పగా పోసి, ‘ఇల్లు మొత్తం ఇక్కడే ఉంది చూసుకోండి’ అన్నట్టుంది నాకు.

ఇక్కడ భాష గురించి ఒక చిన్న గొడవ. హోల్ గ్రెయిన్‌ని మనవాళ్లు ‘తృణధాన్యాలు’ అని రాసేస్తుంటారు. తృణధాన్యం అంటే గడ్డిజాతి ధాన్యం. పాలిష్ పట్టినా అది తృణధాన్యమే. ‘పొట్టు తీయని ధాన్యం’ అన్నా ఓట్స్ దగ్గర చిక్కే, ఎందుకంటే పైనున్న ఊకని తీయకుండా ఓట్స్‌ని ఎవరూ తినలేరు. తీయకూడనిది దాని కిందున్న తవుడు పొర. సరైన మాట నాకూ దొరకలేదు, అందుకే హోల్ గ్రెయిన్ అనే రాస్తున్నాను.

నూక, అటుకులు, పిండి

ఓట్స్‌లో మాత్రం మన మాటలు ఇంగ్లిష్ పేర్ల కంటే బాగా అతుకుతాయి. ఊక తీసిన గింజని ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్‌కట్, అంటే నూక. ఆవిరి పట్టి రోలర్ల మధ్య అదిమితే రోల్డ్, అంటే అటుకులు. ముందే ముక్కలు చేసి ఇంకా పల్చగా అదిమితే క్విక్. మరీ పల్చగా అదిమి, ముందే ఉడికించి ఆరబెడితే ఇన్‌స్టంట్. ఎక్కడా ఏమీ తీయలేదు. తవుడూ ఉంది, అంకురమూ ఉంది. నాలుగూ హోల్ గ్రెయినే.

అమెరికాలో క్వేకర్ కంపెనీ 1922లో క్విక్ ఓట్స్ తెచ్చింది, 1966లో ఇన్‌స్టంట్. అరగంట వంట కాస్తా ఐదు నిమిషాలైంది, ఆ తర్వాత ఒక్క నిమిషం. ఆ మిగిలిన ఇరవై తొమ్మిది నిమిషాలూ ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. పొయ్యీ, దవడా, కడుపూ పంచుకుని చేయాల్సిన పనిలో పెద్ద వాటా ఫ్యాక్టరీ ముందే చేసిపెట్టింది. కడుపు దాకా వెళ్లేసరికి చేయడానికి పెద్దగా పని మిగల్లేదు. పని లేకపోతే చక్కెర త్వరగా రక్తంలోకి దిగుతుంది.

ఇది ఊహ కాదు. ఓట్స్ మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగుచేసి 2015లో వచ్చిన ఒక సమీక్షలో గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరని ఎంతగా పెంచుతుందో చెప్పే అంకె) సగటులు ఇలా ఉన్నాయి: స్టీల్‌కట్ 55, మందపాటి రోల్డ్ 53, క్విక్ 71, ఇన్‌స్టంట్ 75. శుద్ధ గ్లూకోజ్‌ని 100గా పెట్టుకున్న కొలత ఇది. ఒకే గింజ, అదే పీచు, అవే పోషకాలు. ఇరవై అంకెల తేడా. ఇందులో స్టీల్‌కట్ కొని గొప్పలు పోయేవాళ్లకి ఒక చురక కూడా ఉంది: మందపాటి అటుకులు దానికేమీ తీసిపోలేదు.

ఓట్స్ పక్కన పెడితే విడ్డూరం ఇంకా పెరుగుతుంది. అంతర్జాతీయ పట్టికల్లో మామూలు తెల్ల బ్రెడ్ సగటు 75, హోల్‌వీట్ బ్రెడ్ 74. పీచులో తేడా ఉంది, ఖనిజాల్లో తేడా ఉంది, కానీ రక్తంలో చక్కెర ఎక్కే వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ మెత్తటి పిండే కదా. అదే పిండిలో పగలని గోధుమ గింజల్ని కలిపి బ్రెడ్ చేస్తే, గింజల పాలు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతుందని గ్లైసెమిక్ ఇండెక్స్‌ని మొదలుపెట్టిన డేవిడ్ జెంకిన్స్ బృందమే 1988లో చూపించింది.

ఇక పాలిష్ పట్టిన బార్లీ. పైపొర గీకేశారు కాబట్టి నిర్వచనం ప్రకారం అది హోల్ గ్రెయిన్ కాదు, ఏ ముద్రా వేసుకోలేదు. కానీ దాని గ్లైసెమిక్ ఇండెక్స్ 30 లోపే. వంద గ్రాముల్లో పదిహేను గ్రాముల పీచు ఉంటుంది, ఓట్స్ కంటే ఎక్కువ. బార్లీలో పీచు తవుడులోనే కాకుండా గింజ లోపలంతా పరుచుకుని ఉంటుంది, అందుకే పైన ఎంత గీకినా పూర్తిగా పోదు. తెల్ల స్పగెటీ సంగతీ అంతే, 50 దగ్గర ఆగుతుంది, ఎందుకంటే పిండిని గట్టిగా ఒత్తి చేసిన ఆ కడ్డీలోకి జీర్ణరసాలు వెళ్లడానికి సమయం పడుతుంది. ముద్ర లేనివి మెల్లగా నడుస్తున్నాయి, ముద్ర ఉన్నవి పరిగెడుతున్నాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

దీనికి అసలైన సాక్ష్యం నా దృష్టిలో ధాన్యంది కాదు, ఆపిల్‌ది. 1977లో బ్రిటన్‌లో హేబర్, హీటన్, వాళ్ల సహచరులు కొంతమందికి ఆపిల్ ముక్కలు, గుజ్జు, రసం, మూడింట్లోనూ చక్కెర సమానంగా ఉండేలా కొలిచి ఇచ్చారు. రసం తాగడం ముక్కలు తినడం కంటే పదకొండు రెట్లు త్వరగా అయిపోయింది. కడుపు నిండినట్టు అనిపించడంలో ముక్కలది మొదటి స్థానం, గుజ్జుది రెండోది, రసానిది చివరిది. ఇక్కడ గమనించాల్సింది గుజ్జు. ముక్కల్లోంచి గుజ్జులోకి వెళ్లేటప్పుడు ఏమీ తీసేయలేదు. పీచంతా అందులోనే ఉంది. నలిగింది, అంతే.

ఓట్స్ పాలు ఈ దారికి చివరి మజిలీ. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 1990లలో పుట్టిన పద్ధతి అది. ఓట్స్‌ని నీళ్లతో రుబ్బి, పిండిపదార్థాన్ని విరగ్గొట్టే ఎంజైములు కలుపుతారు. పిండి కాస్తా మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. తియ్యగా ఉంటుంది, అయినా డబ్బా మీద ‘చక్కెర కలపలేదు’ అని ఉండొచ్చు. నిజమే, కలపలేదు. లోపలే తయారుచేశారు. కాఫీలో బాగుంటుందని ఒప్పుకుంటాను, ఆ రుచి మీద నాకు కోపం లేదు.

నాకే అడ్డం వచ్చిన సంగతులు

ఇంతవరకు రాసి ఆపేస్తే ఇది కూడా ఒక ఊకదంపుడే అవుతుంది. నా అభిప్రాయానికి ఎదురుగా ఉన్నవి తక్కువేమీ కాదు.

మొదటిది, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆపిల్ ప్రయోగం చేసిన ఆ హీటనే 1988లో ధాన్యాల మీద ఇంకో ప్రయోగం చేశాడు. గోధుమ, మొక్కజొన్న, ఓట్స్. ఒక్కోదాన్నీ పూర్తి గింజగా, నలిపిన రూపంలో, మెత్తటి పిండిగా ఇచ్చి చూశారు. గోధుమలోనూ మొక్కజొన్నలోనూ పిండి మెత్తబడేకొద్దీ ఇన్సులిన్ పెరిగింది. ఓట్స్‌లో? ఏ రూపంలో ఇచ్చినా దాదాపు ఒకటే! నా వాదనంతా ఓట్స్ గిన్నెలోంచి పుట్టింది, ఆ గిన్నె దగ్గరే తేడా రాలేదు.

రెండు రోజులు దీని చుట్టూ తిరిగాను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంది, నీళ్లలో కలిస్తే చిక్కటి జెల్‌లా మారి ఆహారాన్ని పట్టుకుంటుంది. గింజ గోడలు పగిలినా ఈ జిగురు కొంత కాపు కాస్తున్నట్టుంది. మరి 2015 సమీక్షలో క్విక్, ఇన్‌స్టంట్ ఎందుకు పైకెగిశాయి? అవి కేవలం నలిగినవి కాదు, ముందే ఆవిరి పట్టి, పల్చగా అదిమి, మళ్లీ ఉడికించినవి. వాటిలో పిండి రేణువులు అప్పటికే ఉబ్బి విచ్చుకుని ఉంటాయి. అందుకే పైన ‘ఎంత నలిగింది’ తో ఆగకుండా ‘ఎంత ఉడికింది’ అని కూడా రాశాను. నిజం చెప్పాలంటే ఆ రెండో ముక్క హీటన్ దెబ్బ తగిలాక చేర్చిందే.

రెండోది నా రిపోర్టే. చక్కెర కదల్లేదు గానీ కొలెస్ట్రాల్ తగ్గింది కదా. కొలెస్ట్రాల్ కథ వేరు. బీటా గ్లూకాన్ జెల్ పేగుల్లో పైత్యరసపు ఆమ్లాల్ని తిరిగి పీల్చుకోనివ్వదు, అవి బయటికి పోతాయి. కొత్త పైత్యం తయారుచేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. రోజుకి మూడు గ్రాముల బీటా గ్లూకాన్ చాలు, చెడు కొలెస్ట్రాల్ సుమారు ఐదు నుంచి ఏడు శాతం తగ్గుతుంది. అమెరికాలో ఆహారాన్నీ మందుల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 1997లోనే గుండెకి మంచిదని ఓట్స్ ప్యాకెట్ల మీద రాసుకోవడానికి ఒప్పుకుంది ఈ లెక్క మీదే. ఓట్స్‌లో ఇది సుమారు నాలుగు శాతం కాబట్టి మూడు గ్రాములు కావాలంటే రోజుకి 75, 80 గ్రాముల ఓట్స్ తినాలి. నేను సరిగ్గా అంతే తిన్నాను, ఇన్‌స్టంట్ అయినా ఫలితం వచ్చింది. జిగురు ఉంటే చాలు, గింజ ఆకారంతో పెద్దగా పని లేదు. పైన ‘కనీసం చక్కెర విషయంలో’ అన్నది ఇందుకే. ఆ ఎనభై గ్రాముల్లో మూడింట రెండొంతులు పిండిపదార్థమే. కొలెస్ట్రాల్‌కి మందు వేసుకుంటూ చక్కెరకి మేత వేశానన్నమాట.

మూడోది వేరే రకం అనుమానం. హోల్ గ్రెయిన్ తినేవాళ్లు ఎక్కువకాలం బతుకుతారన్న పెద్ద పెద్ద లెక్కలున్నాయి. 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణలో రోజుకి 90 గ్రాముల హోల్ గ్రెయిన్ పదార్థాలు ఎక్కువ తిన్నవాళ్లలో గుండెజబ్బు ముప్పు 19 శాతం, మొత్తంమీద మరణాల ముప్పు 17 శాతం తక్కువ. ఇందులో ఎక్కువమంది తిన్నది గింజలు కాదు, హోల్‌వీట్ బ్రెడ్డూ, సీరియల్సూ. అంటే నలిగిన రూపంలో కూడా మేలు ఉన్నట్టే. నా సిద్ధాంతం నిజమైతే ఇంత ఫలితం ఎలా కనిపిస్తుంది?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. అవి గమనించి రాసుకున్న లెక్కలు. హోల్‌వీట్ బ్రెడ్ ఎంచుకునేవాళ్లు సిగరెట్ తక్కువ తాగుతారు, ఎక్కువ నడుస్తారు. లెక్కల్లో ఆ తేడాలన్నీ సరిచేస్తారు గానీ పూర్తిగా సరిచేయగలిగామని ఎవరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేరు. మనుషుల్ని రెండు గుంపులుగా విడదీసి చేసిన ప్రయోగాల్ని 2017లో కొక్రేన్ (వైద్య ప్రయోగాల్ని పోగుచేసి తూచే సంస్థ) సమీక్ష జల్లెడ పట్టి, గుండెజబ్బు విషయంలో హోల్ గ్రెయిన్‌ని సమర్థించడానికో కాదనడానికో చాలినంత ఆధారం లేదని తేల్చింది. అలాగని ఇదంతా భ్రమ అని కూడా నేను అనను. పీచు, మెగ్నీషియం, విటమిన్లు నలిగినంతమాత్రాన ఆవిరైపోవు. తెల్ల బ్రెడ్‌కీ హోల్‌వీట్ బ్రెడ్‌కీ మధ్య ఎంచుకోమంటే కళ్లు మూసుకుని రెండోదే తీసుకుంటాను. నా గొడవ ఒక్కటే, అక్కడితో పని అయిపోయిందనుకోవడం.

‘ప్రాసెసింగ్ అంటేనే విషం’ అనే గుంపులో నన్ను కలుపుకోవద్దని కూడా మనవి. ఆ మోజులో నేనూ ఒకసారి పడ్డాను. మొలకెత్తించుకోవడానికి అమ్మే, వేడి తగలని ఓట్స్ గింజలు తెచ్చి, ఇంట్లో మిక్సీ పట్టి, డబ్బాలో పోసి, గర్వంగా మూత పెట్టాను. వారం తిరక్కముందే పిండి చేదెక్కింది. నోట్లో సబ్బు నాకినట్టు. తర్వాత తెలిసింది: ఓట్స్‌లో కొవ్వు ఆరేడు శాతం దాకా ఉంటుంది, గోధుమలో రెండు శాతమే. ఆ కొవ్వుని విరగ్గొట్టే ఎంజైమ్ కూడా గింజలోనే కాచుకుని ఉంటుంది. గింజ పగిలితే చాలు, రెండూ కలిసిపోతాయి. అందుకే మిల్లుల్లో ముందే ఆవిరి పట్టి దాన్ని చంపేస్తారు. మనం వండుకోవడానికి మామూలుగా కొనే ఓట్స్ ఏదీ, స్టీల్‌కట్‌తో సహా, పచ్చిది కాదు. వేడి అంతా శత్రువు కాదు, ఎంత వేడి, ఎప్పుడు అన్నదే లెక్క. (రాత్రంతా నానబెడితే ఓట్స్‌లోని ఫైటేట్లు, అంటే ఖనిజాల్ని ఒంటికి సరిగా పట్టనివ్వని పదార్థాలు, పోతాయన్న ప్రచారానికి కూడా ఇక్కడే చిల్లు పడుతుంది. ఆ పని చేసే ఎంజైమ్ ఓట్స్‌లో సహజంగానే తక్కువ. ఉన్నది కూడా మిల్లు వేడికి పోతుంది.)

గ్లూకోమీటర్ పెట్టుకుని నేను చేసిన సొంత ప్రయోగం గురించి కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. వారం పాటు ఇన్‌స్టంట్, వారం పాటు స్టీల్‌కట్, అదే బరువు, తిన్న గంటకి వేలికి సూది. స్టీల్‌కట్ వారంలో మొదటి నాలుగు రోజులు నా సిద్ధాంతం ఊరేగింది. ఐదో రోజు స్టీల్‌కట్ తిన్నాక వచ్చిన అంకె ఇన్‌స్టంట్ అంకెల్ని దాటేసింది. ముందు రాత్రి ఆఫీసు టెన్షన్‌తో మూడు గంటలే నిద్రపోయాను. ఒక్క మనిషి, ఒక్క వేలు, రెండే వారాలు. దానితో ఏదీ రుజువు కాదు. మొత్తంమీద స్టీల్‌కట్ వైపే మొగ్గింది అని మాత్రం నా డైరీలో రాసుకున్నాను.

పొయ్యి దగ్గర

గింజగా తినాలంటే దాన్ని బాగా వండటం రావాలి, లేకపోతే మూడో రోజుకి మానేస్తాం. నాకు మొదట రాలేదు. స్టీల్‌కట్‌ని ఇన్‌స్టంట్‌లా మైక్రోవేవ్‌లో పెట్టి, పొంగిపోయి, తలుపు లోపలంతా సున్నం కొట్టినట్టు చేశాను. ఒకటికి రెండు నీళ్లు పోసి పంటికింద రాళ్లు నమిలాను. అక్కే ఫోన్‌లో దగ్గరుండి నేర్పింది.

మొదటి పని వేయించడం. మూకుడులో ఏమీ వేయకుండా, లేదా ఒక చెంచా వెన్నతో, నూకని సన్నసెగ మీద వేయిస్తే ఐదు నిమిషాల్లో వేరుశనగలు వేగిన వాసన వస్తుంది. అంతకుముందు ఓట్స్‌కి తడిసిన అట్టపెట్టె రుచి ఉంటుందనుకునేవాణ్ణి. ఆ అట్టపెట్టె వేయించడంతో పోతుంది. తర్వాత నూకకి మూడున్నర, నాలుగు రెట్లు నీళ్లు, పాతిక ముప్పై నిమిషాలు. చల్లనీళ్లలో వేసి మొదలుపెట్టి గరిటె తిప్పుతూ ఉంటే జిగురు వదిలి క్రీములా వస్తుంది. మరిగే నీళ్లలో వేసి పెద్దగా కదపకుండా వదిలేస్తే పలుకుగా ఉంటుంది. అదే గింజ, అదే నీళ్లు, గరిటె ఒక్కటే తేడా. నాకు పలుకే కావాలి కాబట్టి గరిటె పక్కన పెడతాను.

ఉప్పు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. చిటికెడు ఉప్పు మొదట్లోనే వేయని ఓట్స్‌ని తర్వాత ఎన్ని పళ్లతో అలంకరించినా చప్పగానే ఉంటుంది. అసలు ఓట్స్‌ని తీపితోనే ఎందుకు కట్టేశామో నాకర్థం కాదు. ఉల్లిపాయలు, పుట్టగొడుగులు వేయించి, అందులోనే వేయించిన నూక వేసి, కూరగాయల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ ఉడికించి, చివర్లో మిరియాలు, నిమ్మరసం వేస్తే అది రాత్రి భోజనం. అదే పద్ధతి బార్లీకి ఇంకా బాగా కుదురుతుంది, ఎందుకంటే బార్లీ ఎంత ఉడికినా తన ఆకారం వదలదు. పులుసుల్లో, సూపుల్లో వేస్తే మర్నాటికి నీళ్లన్నీ తాగేసి ఉబ్బి కూర్చుంటుంది, అప్పుడు మళ్లీ నీళ్లు పోయాలి. పూర్తి గోధుమ గింజలు రాత్రి నానబెట్టి ముప్పావుగంట, గంట ఉడకబెట్టి వార్చేసి, చల్లారాక దోసకాయ ముక్కలతో, కాస్త నూనె, నిమ్మరసంతో కలిపితే దవడకి పని దొరుకుతుంది. మొదటిసారి తిన్నప్పుడు సగం గిన్నె దగ్గరే ఆగిపోయాను, కడుపు నిండి కాదు, నమలలేక. తర్వాత చూస్తే కడుపూ నిండే ఉంది.

సమయం లేదంటారా? నిజమే, పొద్దున్నే అరగంట పొయ్యి దగ్గర నిలబడమని చెప్పడం చాలా తేలిక, నిలబడటమే కష్టం. ఇన్‌స్టంట్ పుట్టిందే అందుకు. ముప్పై నిమిషాలు లేని మనిషిని ‘నువ్వు గంజి తాగుతున్నావు’ అని వెక్కిరించే హక్కు మా అక్కకుందేమో గానీ నాకు లేదు. నేను చేసేదేంటంటే, రాత్రి పడుకునేముందు నీళ్లు మరిగించి, నూక వేసి, ఒక్క నిమిషం ఉడకనిచ్చి, పొయ్యి కట్టేసి మూత పెట్టేస్తాను. కాస్త చల్లారగానే గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి. పొద్దున్నకి ముప్పాతిక భాగం పని అదే చేసుకుని ఉంటుంది. ఐదు నిమిషాలు వేడిచేస్తే చాలు. లేదా ఆదివారం ఎక్కువ వండి, మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోవడం. అదీ కుదరని రోజు మందపాటి రోల్డ్ ఓట్స్, వండకుండా పెరుగులో నానబెట్టి, పైన గుప్పెడు బాదం పప్పులు. దీనికి ఎవరికీ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఉత్సాహంలో నేను ఒకే వారంలో ఓట్స్, బార్లీ, గోధుమ అన్నీ మొదలుపెట్టాను. కడుపులో ఒక వాద్యబృందం దిగింది. మీటింగులో అందరికీ వినిపించింది. పీచు మెల్లగా పెంచుకోవాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. సీలియాక్ జబ్బు (గ్లూటెన్ అనే ప్రొటీన్ ఒంటికి పడని జబ్బు) ఉన్నవాళ్లయితే గోధుమ, బార్లీ జోలికే వెళ్లకూడదు. ఓట్స్ కూడా గ్లూటెన్ లేనివని ధ్రువీకరించినవే కొనాలి, అదీ డాక్టర్ని అడిగాకే, ఎందుకంటే కొద్దిమందికి ఓట్స్‌లోని ప్రొటీన్ కూడా పడదు.

కొనేటప్పుడు ఏం చూడాలని ఆఫీసులో ఒకరు అడిగారు. ముద్ర చూడొద్దన్నాను. 2013లో హార్వర్డ్ పరిశోధకులు చేసిన ఒక పరిశీలనలో హోల్ గ్రెయిన్ ముద్ర ఉన్న పదార్థాల్లో పీచు ఎక్కువే ఉంది గానీ, ముద్ర లేనివాటి కంటే చక్కెరా, కేలరీలూ కూడా ఎక్కువున్నాయి. దానికంటే వెనక ఉన్న పట్టికలో మొత్తం కార్బోహైడ్రేట్లని పీచుతో భాగిస్తే పది లోపు రావాలన్న లెక్క మెరుగైనదని వాళ్లు తేల్చారు. ఇది వాడుతున్నాను, కానీ దీనికీ నా గొడవ వర్తిస్తుంది. నా ఇన్‌స్టంట్ ప్యాకెట్ ఈ పరీక్షలో హాయిగా పాసవుతుంది. నలగడం ఎంతో కొలిచే గడి ఏ ప్యాకెట్ మీదా లేదు. అందుకే నా పద్ధతి మొరటుగా ఉంటుంది: గుప్పెట్లో పోసుకుని చూస్తాను, ఇది ఏ గింజో చూడగానే చెప్పగలనా లేదా అని.

అక్క మొన్న మళ్లీ వచ్చింది. గిన్నెలో చెంచా వేసి పైకెత్తింది, ఈసారి జారలేదు. ఏమీ అనలేదు, తనకీ కొంచెం పెట్టమంది. రెండు చెంచాలు తిన్నాక "ఉప్పు చాల్లేదు" అంది. తర్వాతి రక్తపరీక్షకి ఇంకా ఆరు వారాలుంది. పాత ఇన్‌స్టంట్ ప్యాకెట్లు పదకొండు మిగిలాయి. పారేయడానికి చేతులు రాక సూపులు చిక్కబరచడానికి వాడుతున్నాను. ఆ పనికి మాత్రం వాటిని మించింది లేదు.